గుడ్డ టాపా? గట్టి టాపా?

జీపును చూడనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. ఒకప్పుడు సమితి ఆఫీసు జీపు ఊళ్ళోకి వస్తే పిల్లలంతా దాని వెంట పరుగెత్తేవారు. సమితులు పోయి మండలాలు వచ్చాయి కాని, జీపు జాతి బండ్లు మాత్రం పోలేదు. కొండదారుల్లో, అడవుల్లో, పొలాల పక్కన ఇప్పటికీ అవే తిరుగుతున్నాయి. వాటిని జాగ్రత్తగా గమనించారా? కొన్నిటికి పైన గుడారం లాంటి గుడ్డ ఉంటుంది. కొన్నిటికి కారుకు మల్లే గట్టి కప్పు ఉంటుంది. మొదటిదాన్ని గుడ్డ టాపు అనీ, రెండవదాన్ని గట్టి టాపు అనీ పిలుచుకుందాం.

మీ ఇంట్లో అలాంటి చిన్న బండి ఒకటి కొనాలనుకున్నారనుకోండి. "గుడ్డ టాపు చాలు, ఖర్చు తక్కువ" అంటారు నాన్నగారు. "గట్టి టాపు లేనిదే ప్రాణానికి భద్రత ఎక్కడిది?" అంటాడు మామయ్య. "టాపు మడిచేసి గాలిలో పోతుంటే ఆ సరదాయే వేరు" అంటాడు అన్నయ్య. ఎవరి మాట వినాలి? ఎవరి మాటా వినవద్దు. మీరు తరగతిలో చదువుకుంటున్న భౌతికశాస్త్రాన్ని అడుగుదాం. ఎండ, గాలి, దుమ్ము, బరువు – ఒక్కొక్కదాన్నీ విడివిడిగా లెక్క వేద్దాం. చివరికి మామయ్య లేవదీసిన భద్రత ప్రశ్నకు వద్దాం. అన్నిటికంటె ముఖ్యమైనది అదే.

జీపుకు గుడ్డ ఎందుకు కప్పారు?

రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. 1940లో అమెరికా సైన్యం ఒక చిన్న బండి కావాలని మోటారు కంపెనీలను కోరింది. అది ఏ నేల మీదనైనా పోవాలి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి, బరువు మాత్రం 590 కిలోలు మించకూడదు! అంత తేలిక బండి ఎవరివల్లా కాలేదు. చివరకు తయారైన విల్లీస్ జీపు బరువు వెయ్యి కిలోలు దాటింది. బరువు తగ్గించడానికి ఎక్కడెక్కడ వీలుందో అక్కడల్లా ఇనుము తీసేశారు. తలుపులు లేవు. పైకప్పుకు బదులు కాన్వాసు గుడ్డ వచ్చింది. అందులో ఇంకొక లాభం కూడా ఉంది. గుడ్డ వేసినప్పుడు సుమారు 1.8 మీటర్ల ఎత్తుండే బండి, గుడ్డ తీసి ముందు అద్దాన్ని బానెట్ మీదికి వాల్చేస్తే 1.3 మీటర్లకు తగ్గేది. అంటే పొద చాటున దాగుతుంది, ఓడలోనూ తక్కువ చోటు పడుతుంది.

1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశంలో కూర్చడం మొదలుపెట్టింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. గుడ్డ టాపు జిప్సీలూ, గట్టి టాపు జిప్సీలూ రెండూ మన రోడ్ల మీద తిరిగాయి. 2020లో వచ్చిన రెండవ తరం థార్‌ను కూడా రెండు రకాలుగానూ విడుదల చేశారు. యుద్ధం ముగిసి ఇన్నేళ్ళయినా ఈ రెండు టాపులలో ఏదీ రెండవదాన్ని పూర్తిగా ఓడించలేదు. ఎందుకో చూద్దాం.

ఎండ లెక్క

నిర్మలమైన ఆకాశంలో సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు నేల మీద సెకనుకు సుమారు 1000 జౌళ్ళ శక్తి పడుతుంది. అంటే 1000 వాట్లు. చిన్న జీపు కప్పు వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద 2000 వాట్లు పడుతున్నట్టు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు రెండు మీ తల మీద వెలుగుతున్నాయన్నమాట!

ఈ శక్తిలో ఎంత లోపలికి వస్తుంది? అది ముందుగా రంగును బట్టి ఉంటుంది. తెల్లని తలం చాలా భాగాన్ని తిప్పికొడుతుంది, నల్లని తలం పీల్చుకుంటుంది. ఇందులో గుడ్డకూ రేకుకూ తేడా లేదు. నల్ల గుడ్డ, నల్ల రేకు రెండూ మే నెల ఎండలో చేయి పెట్టలేనంతగా కాలుతాయి. తేడా ఆ తర్వాత వస్తుంది. గుడ్డ పలుచన, దాని అడుగు తలం కూడా వెంటనే వేడెక్కి, ఉష్ణ వికిరణం ద్వారా మీ మాడు మీదికి వేడిని పంపుతుంది. గట్టి టాపుకు లోపల అస్తరు ఉంటుంది. అస్తరుకూ కప్పుకూ మధ్య చిక్కిన గాలి అధమ ఉష్ణవాహకం కాబట్టి వేడిని కొంత ఆపుతుంది. అస్తరు లేని వట్టి రేకు టాపయితే గుడ్డ కంటె మేలేమీ కాదు.

ఐతే గుడ్డ టాపుకు ఒక సౌకర్యం ఉంది. పక్క తెరలు చుట్టి కట్టేస్తే గాలి ఇటునుంచి అటు పోతూ, సంవహనం వల్ల వేడిని తీసుకుపోతుంది. బండి నడుస్తున్నంతసేపూ అది చాలు. అదే ఏసీ వేసుకోవాలంటే గట్టి టాపే మేలు. గుడ్డ అంచుల సందుల్లోంచి చల్లగాలి కారిపోతూ ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. తలుపులూ అద్దాలూ మూసి ఎండలో నిలిపిన బండిలో, అది ఏ టాపుదైనా సరే, అరగంటలోనే లోపలి ఉష్ణోగ్రత బయటికంటె 15 నుంచి 20 డిగ్రీలు పెరగవచ్చు. బయట 38 డిగ్రీలుంటే లోపల 55! అద్దం లోంచి వెలుగు వస్తుంది, వేడెక్కిన గాలి మాత్రం బయటికి పోలేదు. అందువల్ల "ఇప్పుడే వస్తాం, కూర్చోండి" అని ఎవరైనా చెప్పినా మీ చెల్లెళ్ళనూ, తమ్ముళ్ళనూ మూసిన బండిలో కూర్చోనివ్వకండి.

గాలి, చప్పుడు

గుడ్డ టాపు బండి వేగంగా పోతున్నప్పుడు చూడండి. గుడ్డ లోపలికి అణగదు, పైకి ఉబ్బుతుంది! ఎదురుగాలి తగులుతుంటే అణగాలి కదా? కారణం బెర్నౌలీ సూత్రంలో ఉంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పీడనం, లోపల నిలకడగా ఉన్న గాలి పీడనం కంటె తక్కువ. అందుకని లోపలి గాలి గుడ్డను పైకి తోస్తుంది.

ఎంత బలంతో? గంటకు 72 కి.మీ. వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. ½ × 1.2 × 20 × 20 = 240. అంటే చదరపు మీటరుకు 240 న్యూటన్లు. పీడనంలో తేడా ఇందులో సగమే అనుకున్నా, 2 చదరపు మీటర్ల గుడ్డను 240 న్యూటన్ల బలం పైకి ఎత్తుతుంది. అది సుమారు 24 కిలోల బస్తా బరువుకు సమానం. వేగం సగం చేస్తే ఈ బలం నాలుగో వంతుకు, అంటే 6 కిలోల బరువుకు పడిపోతుంది. పొలం దారిలో నెమ్మదిగా పోయే బండికి గుడ్డ టాపు ఏళ్ళ తరబడి ఎందుకు నిలుస్తుందో, హైవే మీద పరుగెత్తే బండికి కుట్లు ఎందుకు త్వరగా తెగుతాయో ఈ లెక్కే చెబుతుంది.

చప్పుడు సంగతి కూడా బరువును బట్టే. గోడ ఎంత బరువైతే శబ్దాన్ని అంత బాగా ఆపుతుంది. చదరపు మీటరు బరువు రెట్టింపయిన ప్రతిసారీ దాటివచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. రెక్సిన్ వంటి గుడ్డ చదరపు మీటరుకు సుమారు ఒక కిలో అనుకుందాం. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. ఒకటి రెండయి, రెండు నాలుగయి, ఆపైన ఆరయింది. అంటే లెక్క ప్రకారం 15 డెసిబెళ్ళకు పైగా తేడా. దూరప్రయాణాలలో గుడ్డ టాపు వాళ్ళు గొంతు చించుకుని మాట్లాడుకునేది ఇందుకే.

వెనకనుంచి వచ్చే దుమ్ము

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. బండి ముందుకు పోతోంది. దుమ్ము వెనక లేస్తోంది. మరి ఆ దుమ్ము బండిలోకి ఎలా వస్తోంది?

చేసి చూడండి. వెలుగుతున్న కొవ్వొత్తికి ముందు ఒక పోస్టుకార్డును నిలువుగా పట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఎదుటే చేయాలి సుమా! కార్డుకు ఇటు పక్కనుంచి గట్టిగా ఊదండి. మంట అటువైపు వాలుతుందనుకుంటారు. కాని అది మీ వైపే, కార్డు వైపే వాలుతుంది! కార్డు వెనక పీడనం తగ్గి, గాలి సుడులు తిరిగి వెనక్కి వస్తోంది.

జీపు వెనక భాగం కూడా ఆ కార్డు లాంటిదే. బండి వెనక ఏర్పడిన అల్పపీడనం దుమ్మును లాక్కుంటుంది. వెనక తెర వదులుగా ఉంటే ఆ దుమ్మంతా లోపలికే. గట్టి టాపుకు రబ్బరు పట్టీ ఉన్న వెనక తలుపు ఉంటుంది కాబట్టి దుమ్ము బాగా తగ్గుతుంది. మందులు, పుస్తకాలు, యంత్ర పరికరాలు తీసుకుపోయేవారికి ఇది చిన్న విషయం కాదు. పైగా గుడ్డను బ్లేడుతో కోయవచ్చు. కాబట్టి విలువైన సామానును గుడ్డ టాపు బండిలో వదిలి వెళ్ళలేం.

వానకు కాన్వాసు గుడ్డ బాగానే ఓర్చుకుంటుంది. తడిసిన నూలు పోగులు ఉబ్బి, వాటి మధ్య సందులు పూడుకుపోతాయి. నీరు కారేది ముఖ్యంగా కుట్ల దగ్గర, అంచుల దగ్గర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మాత్రం ఏ గుడ్డనైనా క్రమంగా చివికిస్తాయి. ఇనుప టాపుకు ఆ బాధ లేదు కాని, సముద్రతీరపు ఉప్పుగాలికి తుప్పు భయం ఉంది.

గరిమనాభి ఏం చెబుతుంది?

ఇక బరువు దగ్గరికి వద్దాం. గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత ఆధారం లోపల పడినంతవరకు వస్తువు పడిపోదని మీకు తెలుసు. బండికి ఆధారం దాని చక్రాల మధ్య వెడల్పు.

ఒక బండి బరువు 1000 కిలోలు, రెండు వైపుల చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.65 మీటర్లు అనుకుందాం. వెడల్పులో సగం 0.65 మీటర్లు. 0.65ను 0.65తో భాగిస్తే 1 వస్తుంది. టాన్ విలువ 1 అయ్యే కోణం 45 డిగ్రీలు. అంటే పక్కవాలు 45 డిగ్రీలు దాటితే బండి బోల్తా కొడుతుంది.

దానికి 50 కిలోల గట్టి టాపును 1.8 మీటర్ల ఎత్తున బిగిద్దాం. కొత్త గరిమనాభి ఎత్తు:

(1000 × 0.65 + 50 × 1.8) ÷ 1050 = 740 ÷ 1050 = సుమారు 0.70 మీ.

ఇప్పుడు బోల్తా కోణం సుమారు 42½ డిగ్రీలు. రెండున్నర డిగ్రీలు తగ్గింది. గుడ్డ టాపు తేలిక కనుక ఈ నష్టం ఇంకా తక్కువ. ఈ విషయంలో గుడ్డ టాపుదే పైచేయి.

కాని ఆగండి. ఆ గట్టి టాపు మీద ఒక్కొక్కరు 50 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కి కూర్చున్నారనుకోండి. సంతకో, జాతరకో పోయే జీపుల మీద అలా కూర్చోవడం మీరు చూసే ఉంటారు. వారి బరువు 250 కిలోలు, ఎత్తు సుమారు 2.2 మీటర్లు.

(740 + 250 × 2.2) ÷ 1300 = 1290 ÷ 1300 = సుమారు 0.99 మీ.

బోల్తా కోణం 33 డిగ్రీలకు పడిపోయింది! టాపు తగ్గించింది రెండున్నర డిగ్రీలయితే, టాపు మీది మనుషులు తగ్గించింది మరో తొమ్మిదిన్నర డిగ్రీలు. స్ప్రింగులు ఒరగడం, లోపల కూర్చున్నవారి బరువు, మలుపులో బయటికి తోసే జడత్వం ఇవేవీ మనం లెక్కలో కలపలేదు. అవి కలిస్తే బండి ఇంకా ముందే పడిపోతుంది. బండి పడకపోయినా పైనున్నవారు పట్టుతప్పి పడవచ్చు. ఈసారి ఎవరైనా "పైన చోటుంది, ఎక్కు" అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

బోల్తా పడితే కాపాడేది ఏది?

ఇప్పుడు మామయ్య మాట తూచి చూద్దాం. గట్టి టాపు ఉంటే భద్రత ఉన్నట్టేనా?

బండి తలకిందులయినప్పుడు కనీసం దాని మొత్తం బరువును పైభాగం మోయాలి. నేలకు కొట్టుకునే క్షణంలో ఆ బలం కొన్ని రెట్లు ఉంటుంది. గుడ్డ దాన్ని మోయలేదని చెప్పనక్కరలేదు. కాని తర్వాత బోల్టులతో బిగించిన ఫైబరు టాపు కూడా మోయలేదు! వానను ఆపడానికి చేసినది వేరు, బండిని మోయడానికి చేసినది వేరు. బరువు మోసేది చాసిస్‌తోనూ బాడీతోనూ గట్టిగా కలిసిన ఉక్కు గొట్టాల చట్రం. దాన్నే రోల్ బార్ లేదా రోల్ కేజ్ అంటారు. గుడ్డ టాపు బండికి మంచి రోల్ కేజ్ ఉంటే, అది లేని ఫైబరు టాపు బండికంటె ఎంతో మేలు.

చట్రం ఒక్కటీ ఉంటే సరిపోదు. బండి ఆగినా మన శరీరం ఆగదు. ఇది న్యూటన్ మొదటి నియమం. గంటకు 54 కి.మీ. వేగం అంటే సెకనుకు 15 మీటర్లు. ఆ వేగంతో పోయి దేన్నైనా గుద్దుకోవడం సుమారు 11 మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి, కింద పడటంతో సమానం. బెల్టు మనల్ని ఆ చట్రం లోపలే పట్టి ఉంచుతుంది. బెల్టు లేనివారు గుడ్డ టాపు బండి పల్టీ కొడితే బయటికి విసిరివేయబడతారు. గట్టి టాపు బండిలో గోడలకు కొట్టుకుంటారు. పాత జీపుల వెనక భాగంలో ఎదురెదురుగా ఉండే పక్కబల్లలకు చాలావాటికి బెల్టులే లేవు. పిల్లల్ని కూర్చోబెట్టేది తరచు అక్కడే! కాబట్టి టాపు కంటె ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. రోల్ బార్ ఉందా? ప్రతి సీటుకూ బెల్టు ఉందా? వెనక సీటు ముందువైపు తిరిగి ఉందా?

"ఇప్పుడు గుడ్డ టాపు కొని, తర్వాత షెడ్డులో గట్టి టాపు వేయిద్దాం" అనేవారూ ఉంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కనుక కొనేటప్పుడే ఆలోచించి కొనాలి.

ఎవరికి ఏది?

ఇప్పుడు మనమే తీర్పు చెబుదాం.

పాడేరు కొండల్లో తిరిగే డాక్టరుగారికి చలి, వాన, మందుల పెట్టెలు, మలుపుల దారి. వారికి గట్టి టాపు తగినది. టాపు మీద బరువు మాత్రం వేయకూడదు.

కోనసీమలో తోటకూ ఇంటికీ మధ్య నెమ్మదిగా తిరిగే రైతుకు దూరం తక్కువ, వేగం తక్కువ. ఎత్తయిన సామాను వేసుకోవాలంటే టాపు మడవవచ్చు. ఉప్పుగాలికి గుడ్డ తుప్పు పట్టదు. గుడ్డ టాపు చాలు.

రామగుండం నుంచి హైదరాబాదుకు తరచు వెళ్ళే కుటుంబానికి మండుటెండలు, హైవే వేగం, పిల్లలు. అస్తరున్న, లేతరంగు గట్టి టాపు మేలు.

అడవిలో సందర్శకులకు జంతువులను చూపించేవారికి నాలుగు వైపులా కనబడాలి, వేగం అక్కరలేదు. అందుకే అభయారణ్యాలలో తెరచిన జిప్సీలు అంతగా వాడుకలోకి వచ్చాయి.

చూశారా? నాన్నగారిది, అన్నయ్యది, మామయ్యది ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. ఎక్కడికి, ఎంత వేగంతో, ఎవరితో పోతామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మారనిది ఒక్కటే: టాపు ఎండనూ, వాననూ, దుమ్మునూ ఆపుతుంది, ప్రాణాన్ని కాపాడేది దాని కింద ఉన్న ఉక్కు చట్రమూ, నడుముకు బిగించిన బెల్టూ, తోలేవాడి నిదానమూ.

మీరు చేయండి

1. మూత లేని చెప్పుల పెట్టెను రెండు చేతులతో మెలిపెట్టండి. తర్వాత మూత అంటించి మళ్ళీ మెలిపెట్టండి. ఏది తేలికగా మెలి తిరిగింది? జీపుకు అడుగున బలమైన చాసిస్ ఎందుకు అవసరమో ఆలోచించండి.

2. పై లెక్కలో గట్టి టాపు బండి మీద మనుషులకు బదులు 100 కిలోల సామానును 2 మీటర్ల ఎత్తున పెట్టి బోల్తా కోణం కనుక్కోండి. అదే సామానును లోపల 0.6 మీటర్ల ఎత్తున పెట్టి మళ్ళీ కనుక్కోండి. (జవాబు: పైన పెడితే సుమారు 38½ డిగ్రీలు, లోపల పెడితే సుమారు 43 డిగ్రీలు. లోపల పెట్టిన బరువు బండి స్థిరత్వాన్ని కొంచెం పెంచింది కూడా! ఎందువల్ల?)

3. మీ ఊళ్ళో తిరిగే జీపులను ఒక వారం గమనించండి. ఎన్నిటికి గుడ్డ టాపు, ఎన్నిటికి గట్టి టాపు ఉన్నాయి? వెనక సీట్లకు బెల్టులున్నవి ఎన్ని? పట్టిక వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.